డిస్కుకు కట్టిన కంచె

1996లో జపానులో మొదట అమ్మకమునకు వచ్చిన డి.వి.డి.ని ఎర్రని లేజరు కిరణము చదువును. ఆ కిరణము అన్ని దేశములలోను ఒక్కటే. అయినను చిత్రసంస్థలు ప్రపంచమును ఆరు వాణిజ్య మండలములుగా విభజించి, డిస్కులలో ఎనిమిది బిట్ల మండల సంకేతమును చేర్చినవి. అమెరికాది 1వ మండలము, భారతదేశముది 5వది. సంకేతము కలియనిచో ప్లేయరు డిస్కును నిరాకరించును.

చిత్రము ఒక్కొక్క దేశమున ఒక్కొక్క తేదీన విడుదలగుటయే దీనికి చెప్పిన కారణము. మరి ఏండ్లు గడచిన చిత్రములకు ఈ కంచె యెందుకు? అమెరికాలోని తెలుగువారు వెల చెల్లించి కొని స్వగ్రామపు పాఠశాలకు పంపిన విజ్ఞాన చిత్రమునకు ఆ సంకేతమున్నచో, ఇచ్చటి ప్లేయరులో అది ఆడదు. సంకేతము తొలగించిన దొంగ నకలు నిరాటంకముగా ఆడును. ఈ ఏర్పాటు నిజాయితీగా కొన్నవారినే దండించుచున్నది. అన్ని మండలములకు చెల్లు డిస్కును చేయుట సాధ్యమే. విజ్ఞాన చిత్రములనైనను అట్లు వెలువరించుట న్యాయము.