కుక్క ఉంది, ఇల్లాలేదీ?

అమెరికా అంటే న్యూయార్కూ, నయాగరానే అనుకునేవాళ్లు జాన్ స్టైన్‌బెక్ రాసిన 'ట్రావెల్స్ విత్ చార్లీ' చదవాలి. 1960లో, 58 ఏళ్ల వయసులో, ట్రక్కు మీద చిన్న ఇల్లు కట్టించుకుని, చార్లీ అనే కుక్కని వెంటబెట్టుకుని దేశం చుట్టొచ్చాడాయన. పుస్తకం 1962లో వచ్చింది.

విస్కాన్సిన్ అంత అందంగా ఉంటుందని తనకి ముందు తెలియనే లేదని విస్తుపోతాడు. నార్త్ డకోటాలోని బ్యాడ్‌లాండ్స్ గుట్టలు పగలు భయపెట్టి, సాయంత్రపుటెండలో మనసు దోచుకుంటాయి. ఇక మోంటానా అంటే ప్రాణమే! చోటుతోపాటు చూసే వేళా ముఖ్యమేనని ఇంత సులువుగా చెప్పినవాళ్లు తక్కువ. చేదునీ దాచలేదు. న్యూ ఆర్లియన్స్‌లో, తెల్లపిల్లల బడిలో చేరిన ఓ నల్లపాపని గుంపుకట్టి తిట్టిపోసిన ఆడవాళ్లని చూపించి మనల్ని తలదించుకునేలా చేస్తాడు.

అంతా బాగానే ఉంది. మరి భార్య ఇలైన్ సంగతి? షికాగోలో, టెక్సాస్‌లో ఆమెకి కాస్త చోటిచ్చాడు. సియాటిల్ నుంచి కాలిఫోర్నియా దాకా కూడా ఆమె పక్కనే ఉంది. రాతప్రతిలో ఉన్న ఆమె, అచ్చులో ఆ దారంతా మాయం! 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పాత్రికేయుడు రాతప్రతి చూసి ఈ సంగతి బయటపెట్టాడు. ఒంటరి బాటసారి బొమ్మకి ఇల్లాలు అడ్డొచ్చింది కాబోలు.

రెడ్‌వుడ్ మహావృక్షాలు ఆ దారిలోనివే. వాటి ముందు చార్లీ ఏం చేశాడో ముచ్చటగా వర్ణించాడు. ఇలైన్ ఏమందో ఒక్క ముక్క లేదు.

పుస్తకం తప్పకుండా చదవండి. ఆ చెట్ల దగ్గర మాత్రం ఓ నిమిషం ఆగి, ఆవిడకే చోటు నచ్చి ఉంటుందో ఆలోచించండి.