వెలుగు చేసే చప్పుడు

లేజర్ ప్రయోగశాలలో రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్న టెక్నీషియన్ చెవితో పని చేస్తుంటే ముచ్చటేస్తుంది. పల్స్ నిడివి కొన్ని నానోసెకన్లే. ఒక్క నానోసెకనులో వెలుగు నడిచేది 30 సెంటీమీటర్లు, మూరెడు కూడా కాదు! ఆ మెరుపు నల్లపూత పూసిన రేకు మీద పడగానే, పూత వెలుగును మింగి, చప్పున వేడెక్కి ఉబ్బుతుంది. ‘టిక్’! మైక్రోఫోన్ ఆ చప్పుడును అందుకుంటుంది. మెరుపులో శక్తి ఎంత ఎక్కువైతే చప్పుడు అంత గట్టిగా ఉంటుంది. తెలిసిన మెరుపులతో ముందే సరిచూసుకుంటే, ఆ టిక్కే తూకంరాయి.

ఈ కిటుకు కొత్తదేం కాదు: 1880లోనే గ్రాహం బెల్ ఆగి ఆగి పడే ఎండతో వస్తువుల చేత శబ్దం చేయించాడు.

వరసలో ఒక టిక్కు నీరసంగా వినిపిస్తే చాలు, మీటరు చూడకముందే మన టెక్నీషియన్ చెయ్యి లేజర్ అద్దం సరిచేయడానికి వెళ్తుంది. కుండను వేలితో తట్టి బీట ఉందో లేదో చెప్పే అమ్మ విద్యే ఇదీ.