ఊపిరి వెంట నడిచే నాడి

మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, నిదానంగా గాలి పీల్చి చూడండి. నాడి కాస్త వేగం అందుకుంటుంది. వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. ఇరవై ఏళ్ల మనవడి చేతిలో ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. డెబ్బై దాటిన తాతగారి చేతిలో వెతుక్కోవాలి. గుండె గడియారంలా కొట్టుకోవడమే ఆరోగ్యమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఎడం ఊపిరితో పాటు మారుతూ ఉండాలి.

పడుచు గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 సార్లదాకా కొట్టుకుంటుంది. దాన్ని 70కి దించి ఉంచేది వేగస్ నరం. మెదడు అడుగు నుంచి పొట్టదాకా దిగే కళ్లెం అది. గాలి పీల్చినప్పుడు వదులవుతుంది, విడిచినప్పుడు బిగుస్తుంది. వయసు మీదపడే కొద్దీ ఆ పట్టు సడలుతుంది. మెడ ధమనుల గోడల్లో రక్తపోటును కనిపెట్టే నరాల కొనలుంటాయి. ధమని బిరుసెక్కితే గోడ సాగదు, కబురు సరిగా అందదు. గుండెకు లయ కట్టే కణాలూ తగ్గిపోతాయి. పెద్దవాళ్లు మంచం మీంచి చటుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్మడానికి ఇదొక కారణం: రక్తం కాళ్లలోకి జారుతుంది, గుండె వెంటనే సర్దుకోలేదు.

ఇక్కడే ప్రాణాయామం విలువ తెలుస్తుంది. పూరకం (పీల్చడం), కుంభకం (బిగబట్టడం), రేచకం (వదలడం) అనే మాటలు సంధ్యావందనం చేసే ఇళ్లలో పిల్లలకూ తెలుసు. 15వ శతాబ్దపు ‘హఠయోగ ప్రదీపిక’ రెండో అధ్యాయమంతా ప్రాణాయామం చుట్టూనే తిరుగుతుంది. 2001లో ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి బృందం 23 మంది చేత లాటిన్ జపమాల ప్రార్థన, టిబెట్ బౌద్ధుల మంత్రం చదివించి చూసింది. రెండింటికీ ఊపిరి నిమిషానికి ఆరుకు దిగింది. రక్తపోటుకు గుండె స్పందించే చురుకు పెరిగింది. ఆరే ఎందుకంటే, రక్తపోటు సర్దుబాటు అలకు తనదైన చక్రం ఒకటుంది, దాదాపు పది సెకన్లది. ఊపిరీ అదే లెక్కకు వస్తే రెండు అలలూ కలిసి ఉయ్యాలను సమయానికి ఊపినట్టు ఊపుతాయి.

అయితే పూరకం 16, కుంభకం 64, రేచకం 32 అన్న పాత లెక్కను అరవై దాటినవాళ్ల మీద రుద్దకూడదని నా గట్టి అభిప్రాయం. బిగబట్టిన ఊపిరి రక్తపోటును ఎగదోస్తుంది. వాళ్లకు కావలసింది రేచకం: నాలుగు లెక్కకు పీల్చి, ఆరు లెక్కకు వదలడం. వదలడంలో తొందరపడేవాళ్లకు భ్రామరి మంచిది, తుమ్మెదలా ‘మ్‌’ అంటుంటే గాలి తనంతట తానే సాగుతుంది. చేస్తున్నంతసేపూ నాడిలో ఆ ఊపు తిరిగి కనిపిస్తుంది. అంతమాత్రాన వయసు వెనక్కి పోదు, బీపీ మాత్ర మానకూడదు. ఊపిరితో పొంతన లేకుండా నాడి ఎగుడుదిగుడుగా తన్నుకుంటుంటే అది ఈ మంచి మార్పు కాదు, డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించాలి.

మా అమ్మకు 74 ఏళ్లు. తెల్లవారుజామున మంచం అంచున కాళ్లు కిందికి వేసి కూర్చుంటుంది. తలుపు సందులోంచి ఆ తుమ్మెద నాదం ఆరేడుసార్లు వినిపిస్తుంది. ఆ తర్వాతే గోడ పట్టుకుని నిలబడుతుంది.