యంత్ర పరీక్షలో మనిషి చేయి

తొర్రూరు ప్రాంతమున బావిమోటార్లకు ఆటో స్టార్టర్లు అమర్చుట రైతు లెరిగినదే. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగును. కాని మోటారు మొరాయించినపుడు మెకానిక్కు ఆటోను కట్టివేసి, తానే మీట నొక్కి, చప్పుడు విని లోపమును పట్టును. సాఫ్ట్‌వేరు పరీక్షలకును ఇట్టి వెసులుబాటు అవసరము.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన గిట్ అను సాధనము ప్రోగ్రాములలోని మార్పులను భద్రపరచును. దానిని పరీక్షించుటకు స్వయంచాలక పరీక్షలు అనేకము కలవు. ఇవి తాత్కాలికముగా కల్పించిన ఫోల్డరులలో నడచును. పరీక్ష తప్పినపుడు తప్పినదని తెలియునే గాని, కారణము అన్నివేళల తెలియదు. అదే ప్రోగ్రామును విడిగా నడిపిన సరిగానే పనిచేయవచ్చును. ఏలయన అచటి పరిస్థితులు వేరు.

ఇందులకే గిట్‌లో ‘టెస్ట్ పాజ్’ అను ఆజ్ఞ ఏర్పడినది. పరీక్ష నడుమ దీనిని వ్రాసినచో పరీక్ష అచటనే ఆగి, ఆ ఫోల్డరులోనే ఆజ్ఞలు టైపుచేయు వీలు కలుగును. ప్రోగ్రామరు సొంత సెట్టింగులు మామూలుగా అందులో కలియవు. పరీక్ష కల్పించిన పరిస్థితిలోనే అతడు ప్రోగ్రామును చేతితో నడిపి చూడగలడు. దీని గొప్ప గుణ మిదియే.

కేంబ్రిడ్జిలో 1949లో పనిచేయనారంభించిన ఎడ్‌శాక్ కంప్యూటరును ఆపి, ఒక్కొక్క ఆదేశమునే నడిపి చూచుటకు వీలుండెను. అందువలన విలువైన యంత్రకాలము వృథా యగుచుండెను. తప్పుల జాడను యంత్రముచేతనే అచ్చువేయించు పద్ధతులను స్టాన్లీ గిల్ 1951లో వివరించెను. చేతిపనిని తగ్గించుట నాటి అవసరము; తగినచోట దానికి తావిచ్చుట నేటి అవసరము.

అయినను టెస్ట్ పాజ్‌లో ఒక లోపము కలదు. దానిని పరీక్షలోనే వ్రాయవలెను. పని ముగిసిన పిదప తొలగింపవలెను. ఈ నియమము మనిషి జ్ఞాపకశక్తిపై ఆధారపడినది. మరచినచో, ఎవరును కాపులేని యంత్రముపై పరీక్ష సవ్యముగా సాగదు. పైథాన్ భాషకు చెందిన పైటెస్ట్‌లో ఈ చిక్కు లేదు. పరీక్షను నడుపునపుడే ఒక సూచన నిచ్చినచో, తప్పు జరిగినచోట అది ఆగి లోపశోధనకు దారి యిచ్చును. పరీక్ష పాఠములో ఒక్క అక్షరమైనను మారదు. ఈ విషయమున పైటెస్ట్ మార్గమే మేలు.

ఏ మార్గమైనను ఒక కట్టుబాటు తప్పదు. చేయి తగిలిన పరీక్ష కారణమును చూపును గాని, తీర్పు నీయజాలదు. లోపమును సవరించిన పిదప, ఎవరి ప్రమేయమును లేకుండ పరీక్షను మొదటినుండి మరల నడిపి, అపుడు వచ్చిన ఫలితమునే లెక్కలోనికి తీసికొనవలెను.