బీరుకి తేదీ ఉంటుంది

బీరు సీసా చేతికొస్తే నేను మొదట చూసేది పేరు కాదు, తయారైన తేదీ. లేబుల్ మీద ఏదో ఒక మూల, చుక్కల అక్షరాల్లో, సగం చెరిగిపోయి ఉంటుంది. మా నాయుడుపేటలో షాపు ముందు నిలబడి సీసాను అటూ ఇటూ తిప్పి దాన్ని వెతుకుతుంటే వెనకున్నవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. కౌంటర్లో కుర్రాడికి మాత్రం నవ్వు. "ఏంది సార్, మందుల షాపులో మాదిరి డేటు చూస్తా ఉండారు? బీరు యాడన్నా చెడిపోతాదా?"

చెడిపోతుంది. తాగినవాడు ఆసుపత్రి పాలయ్యేంతగా కాదు గానీ, రుచి చచ్చిపోతుంది. విస్కీ, బ్రాందీ మూత తీయనంతకాలం ఏళ్ళ తరబడి అట్లాగే కూర్చుంటాయి. బీరు అలా కాదు, అది పాలప్యాకెట్‌కి దగ్గరి చుట్టం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ అనే తీగ పువ్వులు, ఈస్టు, నీళ్ళు... సరుకంతా ఇంతే. ఇందులో హాప్స్ వాసన అన్నిటికంటే ముందు తగ్గిపోతుంది. సీసాలో చిక్కుకున్న కాసింత గాలి బార్లీ రుచిని మెల్లమెల్లగా పాడుచేస్తుంది. తడిసి ఆరిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది. వెలుతురు తగిలితే ఇంకో రకం కంపు. హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి గంధకం వాసన పుడుతుంది. గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. పచ్చ సీసా చూడ్డానికి అందంగా ఉంటుంది, కాపలాకు మాత్రం పనికిరాదు.

వీటికి వేడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెండింతలవుతుందని ఇంటర్ కెమిస్ట్రీలో చదువుకున్నదే. మా వైపు మే నెలలో నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ వాళ్ళ పెద్ద ఫ్యాక్టరీ ఉంది. అక్కడ నింపిన సీసా మా ఊరికి చేరాలంటే పదహారో నంబరు హైవే మీద ఏడు వందల కిలోమీటర్లకు పైగా రావాలి. టార్పాలిన్ కింద లారీలో కొన్నాళ్ళు, డిపోలో కొన్నాళ్ళు, షాపు వెనక రేకుల షెడ్డులో ఇంకొన్నాళ్ళు. అమ్మే ముందు ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా చేతిలో పెడతారు. చల్లదనం చూసి తాజా అనుకుంటాం.

బీరుకి రివ్యూ రాసేవాళ్ళతో నాకున్న తగాదా ఇక్కడే. పేరు రాస్తారు, రంగు రాస్తారు, నురగ గురించి పేరా రాస్తారు, చివర ఐదుకి మూడున్నరో నాలుగో వేస్తారు. ఆ సీసా ఎప్పుడు నింపారో, ఎన్నాళ్ళు ఎండలో ఉందో రాయరు. బెంగళూరులో ఫ్యాక్టరీ పక్కన తాగినవాడికీ, నాయుడుపేటలో జూన్ నెలలో తాగినవాడికీ లేబుల్ ఒక్కటే. లోపల ఉన్నది ఒక్కటి కాదు.

నమ్మని స్నేహితుడొకడు ఉంటే పోయిన వేసవిలో ఓ చిన్న పరీక్ష పెట్టాం. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు సీసాలు, ఒకే తేదీ. ఒకటి మా ఇంట్లో ఫ్రిజ్‌లో, రెండోది మేడమీద రేకుల గదిలో. ఎండలు ముదిరి తగ్గేదాకా అట్లాగే ఉంచి, తర్వాత రెండింటినీ ఒకేలా చల్లబరిచాం. బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు వంటింట్లో రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చెప్పకుండా తెచ్చి పెట్టాడు. "చెప్పు మామా, చూద్దాం." ఒక గ్లాసు లేత బంగారు రంగు, ముక్కు దగ్గర పెడితే అప్పుడే కోసిన బ్రెడ్డు వాసన, గుటక దిగాక నాలుక వెనక సన్నటి చేదు. రెండోది రంగు ఒక పిసరు ముదురు. వాసన చూస్తే పాత పుస్తకాల బీరువా తెరిచినట్టయింది. చేదు మాయమై, జిగటగా ఒక తీపి మిగిలింది. నేను చెప్పేలోపే మా స్నేహితుడు రెండో గ్లాసు ఖాళీ చేసి పెట్టాడు. "ఇదిరా బీరంటే. ఆ ఇంకోటి సప్పగా ఉండాది."

నవ్వాం గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్ళుగా ఎండలో కాగిన సీసాలే తాగిన నాలుకకి కాగిన రుచే అసలు రుచి అవుతుంది. మాకు కొత్త బీరు తెలియదు. పాతబడిన బీరునే బీరు అనుకున్నాం. స్ట్రాంగ్ మీద మోజుకి కూడా ఇదొక కారణమని నా అనుమానం. మన దేశంలో ఆల్కహాలు ఐదు శాతం దాటి ఎనిమిది దాకా ఉంటే స్ట్రాంగ్ కింద లెక్క. లైట్ బీరు పాడైతే దాచుకోవడానికి ఏమీ ఉండదు, నీళ్ళలా తెలిసిపోతుంది. స్ట్రాంగ్‌లో ఆ ఘాటు కింద సగం తప్పులు కప్పుకుపోతాయి. మా షాపులో అడిగేది ఒకే ఒక్క ప్రశ్న, స్ట్రాంగా, లైటా?

అదే మనిషి కల్లు దగ్గరికి పోతే ఎంత నిక్కచ్చిగా ఉంటాడో చూడండి. మా దగ్గరి కోట, వాకాడు ఊళ్ళ వైపు వెళ్తే రోడ్డు పొడుగునా తాటిచెట్లే. సీజన్లో పొద్దున్నే అటు పోతే ఎవరూ "ఎంత ఘాటు?" అని అడగరు. "ఎప్పుడు దించింది?" అంటారు. ఏ చెట్టుదో అడుగుతారు. ముంతలోకి తొంగి చూసి వాసన పడతారు, నాలుగు చుక్కలు నేల మీద చల్లుతారు, అప్పుడు నోట పెడతారు. ఓసారి నేను తొమ్మిదిన్నరకి పోయి ఇంకో సీసా మధ్యాహ్నానికి కట్టివ్వమంటే, చెట్టు దిగి మోకు చుడుతున్న పెద్దాయన మొహమాటం లేకుండా చెప్పాడు: "వద్దులే సార్. మద్దేనానికి పులుపెక్కతాది. మళ్ళా నా కల్లు బాగలేదంటారు." సరుకు అమ్ముకునే మనిషి, తన సరుకుకి గడువు తానే పెట్టాడు. ఏ కంపెనీ లేబుల్ మీదా ఇంత నిజాయితీ నేను చదవలేదు.

కల్లు ముంతలో జరిగేది, బెల్జియంలో బ్రసెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరుకి జరిగేది దాదాపు ఒకటే. ఎవరూ ఈస్టు కొని వెయ్యరు. అక్కడ ఉడికించిన బార్లీ రసాన్ని వెడల్పాటి తొట్లలో పోసి చలికాలం రాత్రి గాలికి వదిలేస్తారు. గాలిలోంచీ పీపాల చెక్కలోంచీ వచ్చిన సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. ఇక్కడ గెల కోసిన చోటా, నిన్నటి ముంతలోనూ అవి ముందే కాచుకుని ఉంటాయి. తేడా వాతావరణంలో ఉంది. లాంబిక్ పక్వానికి రావడానికి ఏడాది నుంచి మూడేళ్ళు పడితే, మా ఎండకి కల్లు గంటల్లో తీపి నుంచి పులుపుకి నడిచిపోతుంది. లాంబిక్ సీసా కోసం విమానాలెక్కి వెళ్ళేవాళ్ళున్నారు. తాటికల్లు ఉదయం ఏడింటికి, ఎనిమిదింటికి, తొమ్మిదింటికి ఎలా మారుతుందో రాసిపెట్టినవాళ్ళు మాత్రం నాకు తారసపడలేదు. నేను రాస్తున్నాను. ఎనిమిది గంటల కల్లుకి నా ఓటు.

ఈ వారం బీరు మీద రాస్తున్నానని తెలిసి మా పెద్దమ్మ ముఖం ముడుచుకుంది. "రాసేదానికి ఇంకేం దొరకలేదా నీకు?" ఆమె అడగడంలో అర్థముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు నాయుడుపేట కూడా ఆ జిల్లాలోనే ఉంది. తిరుపతి జిల్లాలో చేరింది 2022లో. ఆ ఆడవాళ్ళ ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు ఆ రోజుల్లో ఊరూరా వినపడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా ప్యాకెట్లలో కరిగిపోతే ఆ ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకున్నారు. ఆ పోరాటాన్ని తక్కువ చేసి ఒక్క మాట రాసినా నా చెయ్యి పడిపోవాలి.

అయితే ఆ తర్వాత మా వైపు తాగుడు తగ్గలేదు, చాటుకి పోయింది. నల్ల కవర్లో చుట్టి తెచ్చుకోవడం, బండి పక్కన నిలబడి నాలుగు గుటకల్లో ముగించి సీసా పొదల్లోకి విసరడం. గ్లాసులో పోసి రంగు చూసే తీరిక ఎవరికుంది? రుచి చూడాలంటే కాస్త నిదానం కావాలి, కాస్త వెలుతురు కావాలి. నేను ఇంట్లో, డైనింగ్ టేబుల్ దగ్గర, పెద్దమ్మ టీవీ చూస్తుండగానే సీసా తెరుస్తాను. ఒక సీసా, ముగ్గురం. అందులో సగం చర్చకే పోతుంది. పెద్దమ్మకి ఇది నచ్చిందని అనను, చాటున తాగడం కంటే నయమని ఊరుకుంది.

ఇక షాపుల సంగతి. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. తెలిసిన పేర్లు చాలావరకు అలమరాల్లోంచి మాయమై, ఎన్నడూ వినని పేర్లు వచ్చి కూర్చున్నాయి. 2024 అక్టోబరు 16న 3,396 ప్రైవేటు దుకాణాలు మొదలయ్యాక పాత ముఖాలు మళ్ళీ కనబడ్డాయి. తడ దాటి తమిళనాడు నుంచి సీసా తెచ్చుకుందామంటే భీమునివారిపాలెం దగ్గర చెక్‌పోస్టు. ఇంట్లో కాచుకుందామంటే లైసెన్సు లేకుండా కాస్తే నేరం. కాబట్టి నాలాంటివాడికి మంచి బీరంటే ప్రయాణమే.

మా ఊరి నుంచి బెంగళూరు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇందిరానగర్‌లో టాయిట్ అనే, బీరు అక్కడే కాచి పోసే చోటు 2010లో తెరిచారు. హైదరాబాద్‌లో ఇలాంటివి 2016 నుంచి మొదలయ్యాయి. అద్దం వెనక స్టీలు ట్యాంకులు, వాటి ముందే బల్లలు. అక్కడ బీరు ప్రయాణించేది గోడకి అటు నుంచి ఇటే. వెళ్ళగానే పెద్ద గ్లాసు చెప్పకండి. చిన్న గ్లాసుల్లో అన్నిటినీ తలా కాసింత పోసిచ్చే పళ్ళెం ఉంటుంది, అది అడగండి. లేత రంగుతో మొదలుపెట్టి నల్లదాంతో ముగించండి, మధ్యలో మంచినీళ్ళు. గోధుమ బీరు వాసన చూస్తే అరటిపండు, లవంగం తగులుతాయి. పండూ లేదు, లవంగమూ లేదు; అదంతా జర్మన్ రకం ఈస్టు పని. బెల్జియన్ రకంలో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ఆ రకం బీరు దాదాపు కనుమరుగైపోతే హూగార్డెన్ అనే ఊళ్ళో పియర్ సెలిస్ అనే పాలవాడు 1960ల్లో మళ్ళీ బతికించాడు. దాన్ని మొదటిసారి తాగినప్పుడు నాకు బెల్జియం గుర్తు రాలేదు, చారు పొడి గుర్తొచ్చింది.

వేసవిలో అన్ని చోట్లా మామిడి బీరు పెడతారు. నాకు దాని మీద నమ్మకం పోయింది. పండులో తీపి మొత్తం ఈస్టు తినేస్తుంది, మిగిలేది పులుపూ జీడి వాసనా. మామిడిపండు తినాలంటే మామిడిపండే తినాలి. టాయిట్‌లో బాస్మతి బ్లాండ్ అని బియ్యం వేసిన బీరు ఉంటుంది, అది నాకు నచ్చింది. బియ్యం వేస్తే బీరు తేలికపడి, గొంతులో శుభ్రంగా దిగుతుంది. మొలగొలుకుల బియ్యం పండే జిల్లావాడిని కదా, బాస్మతి పేరు చూసి కాస్త కడుపు మండింది.

ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) సంగతి ఇంకా విచిత్రం. మన పేరు పెట్టుకున్న బీరు, మనకే తెలియదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్ పక్కన బో అనే చోట హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మద్రాసుకీ, కలకత్తాకీ బీరు పీపాలు వచ్చేవి. ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి, నెలల తరబడి ప్రయాణం. ఈ దారి కోసమే హాడ్జ్‌సన్ ఈ బీరు కనిపెట్టాడని మెనూ కార్డుల మీద రాస్తారు. అది కట్టుకథ, హాప్స్ దట్టించిన లేత రంగు బీర్లు అక్కడ అప్పటికే ఉన్నాయి. నిజమల్లా ఒకటే: ఆ దెబ్బలన్నీ తిని కూడా తాగేలా ఉండేది. (ఆ కంపెనీవాళ్ళు మద్రాసు కోట కట్టకముందే, 1620ల్లో, మా దగ్గరి దుగరాజపట్నంలో దుకాణం పెట్టారు. ఆర్మగాన్ అని రాసుకున్నారు. అప్పుడు ఏం తాగేవాళ్ళో!) అయితే ఆ ఓడ ప్రయాణం సంగతి విని ఇప్పటి ఐపీఏ ఎండకి తట్టుకుంటుందనుకోకండి. ఈ రోజుల్లో దానికి అందమంతా హాప్స్ వాసనలో ఉంది, అదే అన్నిటికంటే ముందు పోయేది.

నా నోటుపుస్తకంలో మార్కులు ఉండవు. అమెరికాలో బీరు పోటీలకు న్యాయనిర్ణేతల్ని తయారుచేసే సంఘం ఒకటి యాభై మార్కుల పద్ధతి పెట్టింది. అందులో రుచికి ఇరవై, వాసనకి పన్నెండు, రూపానికి మూడే మూడు. పద్ధతి మంచిదే, చల్లటి గదిలో కూర్చునేవాళ్ళకి. నేను రాసేది: నింపిన తేదీ, కొన్న తేదీ, షాపులో ఎక్కడ పెట్టారు, నేను ఎలా దాచాను, దాంతో ఏం తిన్నాను. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట పెడతాను. మరీ చల్లగా ఉంటే మంచీ చెడూ రెండూ తెలియవు. గ్లాసు సబ్బు వాసన లేకుండా కడిగి ఉండాలి, లేదంటే నురగ నిలవదు. కొనడానికి మా ఊళ్ళో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచికాలం. మే, జూన్‌లలో కొత్త తేదీ దొరక్కపోతే నిమ్మకాయ సోడా తాగి వచ్చేస్తాను.

తిండి దగ్గర నా తీర్పులు గట్టివి. పులికాట్ రొయ్యల వేపుడుకి గోధుమ బీరు బ్రహ్మాండం. ఐపీఏ చేదు కారాన్ని రెట్టింపు చేస్తుంది, గోంగూరతో అయితే ఇద్దరూ కొట్టుకుంటారు. చేపల పులుసుతో మాత్రం ఏదీ నెగ్గలేదు. లేత బీరు పోశాం, నల్ల బీరు పోశాం, మేనల్లుడు ఒకసారి పులుపు బీరు కూడా వెతికి తెచ్చాడు. చింతపండు, మామిడికాయ ముక్క, కొరమీను కలిసి ఏది వచ్చినా పక్కకి నెట్టేశాయి. పెద్దమ్మ చూసి చూసి ఒక గ్లాసుడు మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. నా నోటుపుస్తకంలో చేపల పులుసు పేజీలో ఆ రోజు నుంచి మజ్జిగ అనే ఉంది.