ఇంట్లో కోచ్

మా వంటగదిలో ఫ్రిజ్ పక్కన ఒక వైట్‌బోర్డ్ ఉండేది. మూడు గళ్ళు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఆఫీసులో రోజూ స్టాండప్‌లో చూసే బోర్డే, ఇంటికి తెచ్చుకున్నాను. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, ఇన్సూరెన్స్ ప్రీమియం, అన్నీ మా ఆవిడ పేరు మీదే. తనకి ఏడీహెచ్‌డీ అని ముప్ఫై రెండో ఏట తేలింది. తేలిన వారంలోనే నేను రెండు పుస్తకాలు కొన్నాను. తను కొనలేదు, నేనే కొన్నాను.

మొదటిది ఎడ్వర్డ్ హాలోవెల్, జాన్ రేటీ 1994లో రాసిన 'డ్రివెన్ టు డిస్ట్రాక్షన్'. రెండోది మెలిస్సా ఆర్లోవ్ 2010లో రాసిన 'ది ఏడీహెచ్‌డీ ఎఫెక్ట్ ఆన్ మ్యారేజ్'. విడివిడిగా రెండూ మంచి పుస్తకాలే. పక్కపక్కన పెట్టుకుని చదివితేనే చిక్కు.

హాలోవెల్, రేటీ ఇద్దరూ సైకియాట్రిస్టులు, ఇద్దరికీ ఏడీహెచ్‌డీ ఉంది. అందుకే ఆ పుస్తకంలో పేషెంట్ల కథలు కేసుల్లా ఉండవు, తెలిసినవాళ్ళ గురించి చెబుతున్నట్టు ఉంటాయి. ఇది పిల్లల సమస్య, పెద్దయితే పోతుంది అని చాలామంది అనుకునే రోజుల్లో వచ్చిన పుస్తకం అది. దాని బలమంతా ఒకే పనిలో ఉంది: స్వభావం అనుకున్నదాన్ని తీసి మెదడు ఖాతాలో వేయడం. మన దగ్గర ఆ పని ఇంకా మొదలవలేదు. దీనికి తెలుగులో మాటలు లేవా అంటే, బోలెడున్నాయి. పద్ధతి లేదు, నిలకడ లేదు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేయదు. మగాడైతే 'వాడంతే' అని వదిలేస్తారు. ఆడపిల్లయితే 'మీ అమ్మ నేర్పలేదా' దాకా వెళ్తుంది. పన్నెండేళ్ళ లోపే కొన్ని లక్షణాలు కనబడి ఉండాలి కాబట్టి డాక్టర్ మా ఆవిడ చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు అడిగారు. అత్తయ్య జాగ్రత్తగా దాచారు. ప్రతి ఏడూ ఒకటే మాట: కేర్‌లెస్.

ఆర్లోవ్‌కి ఏడీహెచ్‌డీ లేదు, ఆమె భర్తకి ఉంది. ఒకరు గుర్తుచేస్తూ, కసురుతూ అమ్మానాన్నల్లా, ఇంకొకరు దాస్తూ, తప్పించుకుంటూ చిన్నపిల్లల్లా మారిపోయే తీరు గురించి ఆమె రాసింది చదువుతుంటే మా ఇంటి లాగ్ ఫైల్ ఎవరో ప్రింట్ తీసినట్టు అనిపించింది. తన కోపాన్ని ఆమె దాచుకోలేదు, అది మెచ్చుకోవాలి. అయినా నాకు రెండు ఫిర్యాదులున్నాయి. అందులో ఇంట్లో ఇద్దరే ఉంటారు. మా ఇంట్లో మా అమ్మ ఉంటుంది, వీడియో కాల్లో అత్తయ్య ఉంటారు, గుర్తుచేసేవాళ్ళకి కొదవ లేదు. రెండోది పెద్దది. ఇలాంటి కాపురం కథ ఎప్పుడూ గుర్తున్నవాళ్ళే చెబుతారు. తేదీలు, బిల్లులు, ఎవరు ఎప్పుడేమన్నారో, సాక్ష్యాలన్నీ వాళ్ళ దగ్గరే. అవతలి మనిషికి ఆ గొడవే సరిగ్గా గుర్తుండదు. ఈ వ్యాసం కూడా నేనే రాస్తున్నాను కదా!

ఇక కోచింగ్ సంగతి. రోజుకి పది పదిహేను నిమిషాలు మాట్లాడే ఒక కోచ్ ఉండాలంటాడు హాలోవెల్. ఆ మాటలకి నాలుగు అక్షరాల సూత్రం ఇస్తాడు, హోప్: హెల్ప్, ఆబ్లిగేషన్స్, ప్లాన్స్, ఎంకరేజ్‌మెంట్. ఇంజనీర్‌కి ఇంతకంటే ఏం కావాలి? పొద్దున్నే టీ పెట్టి మొదలుపెట్టేవాణ్ణి. ఈరోజు ఏమేం పనులున్నాయి? ఎలా చేస్తావు? చివర్లో ఒక 'గుడ్'. ఆరు నెలలు నడిచింది. ప్రీమియం కార్డు 'అయిపోయినవి' గడిలోకి వెళ్ళింది కూడా. తర్వాత పాలసీ ల్యాప్స్ అయిందని మెసేజ్ వచ్చింది. అరిచాను. కట్టకుండా కార్డు ఎందుకు జరిపావని అడిగాను.

"నీకు టికెట్ క్లోజ్ అవ్వాలి. చేశాను," అంది.

ఆ రాత్రి హాలోవెల్‌ని మళ్ళీ తీశాను. నాలుగక్షరాల్లో మొదటిది హెల్ప్. నీకు ఏ సాయం కావాలి అని అడగడం. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు, నేరుగా రెండో అక్షరం నుంచి ఎత్తుకున్నాను. తప్పు నాదే. కానీ కోచ్ అనే మాట మీద కూడా నాకు అనుమానం ఉంది. అది ఆటస్థలం నుంచి వచ్చిన మాట. కోచ్ గీతకి అవతల నిలబడతాడు, ఆట అయ్యాక తన ఇంటికి తను పోతాడు. మొగుడు ఎక్కడికి పోతాడు?

ఇప్పుడు తన కాలేజీ ఫ్రెండ్ ఒకామె రోజూ పొద్దున్న ఫోన్ చేస్తుంది. పది నిమిషాలు, తలుపేసుకుని. ఏం మాట్లాడుకుంటారో నాకు తెలీదు. బిల్లులు కొన్ని ఇంకా లేటవుతూనే ఉన్నాయి.

నాలాంటివాళ్ళు ఆర్లోవ్‌నే ముందు చదవాలి. హాలోవెల్ పుస్తకం ఎవరి గురించో వాళ్ళ చేతికే ఇవ్వాలి. నేనిచ్చాను. మా ఆవిడ మూడో అధ్యాయం దగ్గర ఆగి నాలుగు నెలలైంది, బుక్‌మార్క్ కూడా ఎక్కడో పోయింది.