రేకలో కల్లు, రవ్వచేప వేపుడు

సెలవులకు పారిస్ నుంచో డల్లాస్ నుంచో వచ్చిన పిల్లలు ఓ ఫ్రెంచి వైన్ సీసా తెస్తారు. ఇంట్లో ఆవేళ చేపల పులుసు. ఈ రెంటికీ పొత్తు కుదురుతుందా అని అడిగేవాళ్లు మా బాన్సువాడలోనూ తయారయ్యారు. కుదరదనే చెబుతాను. తినేదానికన్నా తాగేది ఓ పిసరు పుల్లగా ఉండాలి. చింతపండు ముందు ఏ ద్రాక్ష నిలుస్తుంది? ఇక మన కారం. నాలుక మండుతుంటే 13 శాతం ఆల్కహాల్ ఆ మంటను ఇంకా ఎగదోస్తుంది. అంతగా మనసైతే అల్సాస్ ప్రాంతపు గెవుర్జ్‌ట్రామినర్‌లో తీపి మిగిలిన రకం వెతుక్కోండి.

ఫ్రెంచివాళ్ల అసలు కిటుకు వేరే ఉంది. ఏ నేల తిండికి ఆ నేల తాగుడు. లువార్ నది సముద్రంలో కలిసే వైపు, నాంత్ పట్నం చుట్టుపక్కల మస్కడే అనే వైన్ చేస్తారు. పల్చన, పులుపు, పెద్ద వాసనేం ఉండదు. పక్కన అట్లాంటిక్ తీరపు పచ్చి ఆల్చిప్పలు పెట్టారా, నిమ్మకాయ పిండినంత పని చేస్తుంది.

ఆ లెక్కన మంజీర ఒడ్డున మనకున్నది కల్లే. చలికాలం ఈతకల్లు, ఎండలు ముదిరితే తాటికల్లు. గౌడన్న మోకు బిగించి చెట్టెక్కి, లొట్టి దించి, నురగ ఊది రేకలోకి వంచుతాడు. ఈగో చీమో తేలితే వేలితో తీసేయడమే, మొహమాటం పనికిరాదు. ముందు తీపి, వెనకే పులుపు, ముక్కులోకి చిన్న పొంగు. చెట్టు మీద ఉండగానే పులియడం మొదలవుతుంది, లొట్టికి అంటుకున్న పాత ఈస్ట్ చలవ. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. పొద్దటి కల్లు మాపటికి ఘాటెక్కుతుంది, మర్నాటికి సిర్కా దారి పడుతుంది. తాజాగా ఉన్నప్పుడు ఆల్కహాల్ తక్కువ, తీపి ఎక్కువ. అందుకే కారంతో దానికి పేచీ లేదు.

పొద్దటి కల్లుకు ఉడకబెట్టిన గుడాలు, మీద ఇంత ఉల్లిగడ్డ చాలు. మాపటి పుల్లకల్లుకు కొవ్వున్నది కావాలి. బోటికూరను మించింది లేదు. నిజాంసాగర్ రవ్వచేప దొరికితే వేపుడే చేయించండి. పులుసు వద్దు, పులుపు మీద పులుపు పడితే రెండూ చెడతాయి.

ఇంత చెప్పాక చెప్పక తప్పని మాట ఇంకోటి. మా జిల్లాలో కల్లు పేరిట అమ్మేదంతా కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం కలిపిన నీళ్లకు అలవాటు పడ్డవాళ్లు ఒక్కరోజు మానేస్తే ఫిట్స్ వచ్చి పడిపోతారు. 2025 ఏప్రిల్‌లో పక్కనే నస్రుల్లాబాద్ మండలంలో కల్తీకల్లు తాగి పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు. అదే ఏడాది జులైలో కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి.

ఫ్రాన్సూ ఈ దారిలోనే వచ్చింది. నీళ్లు, చక్కెర కలిపిన దొంగ వైన్ తమ పంటకు ధర లేకుండా చేస్తోందని 1907లో దక్షిణాది ద్రాక్షరైతులు రోడ్డెక్కారు. ముందు నిలబడ్డది మార్సెలిన్ ఆల్బెర్ట్ అనే చిన్న రైతు. జూన్ 9న మోంపెలియే నగరంలో లక్షల మంది చేరారు. నార్‌బోన్‌లో సైన్యం కాల్పులు జరిపితే మనుషులు చచ్చిపోయారు. ఆ నెలాఖరుకే కల్తీని కట్టడి చేసే చట్టం వచ్చింది. ఏ ఊరి వైన్‌కు ఆ ఊరి పేరు పెట్టుకునే హక్కును కాపాడే చట్టం 1935లో తెచ్చుకున్నారు. మస్కడే సీసా మీది ఊరి పేరును ఇవాళ మనం నమ్ముతున్నామంటే దాని వెనక ఇంత కథ ఉంది. మన ఈతకల్లుకు ఊరి పేరు కాదు గదా, చెట్టు పేరు కూడా ఎవరూ రాసివ్వరు.

కాబట్టి తాగేవాళ్లకు ఒకటే మనవి. వనంలోకి వెళ్లి, మీ కళ్ల ముందు దించిన లొట్టిలోదే తాగండి. దుకాణంలో సీసాకెత్తింది ఎంత చవకైనా ముట్టకండి.